కుంచంలో ఇన్సాఫ్: సిక్కోలు సంతల చరిత్ర చెప్పే పాఠం

మన తెలుగులో లెక్కాపత్రాల మాటలు ఒకసారి వరసగా చెప్పుకుందాం. హక్కు, బాకీ, అసలు, వసూలు, రసీదు, జామీను, ఖరారు, దావా, ఫిర్యాదు, జప్తు, మాఫీ, రాజీ. ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడినవే. శ్రీకాకుళం జిల్లాలో ఒక్క ముసల్మాన్ ఇల్లు కూడా లేని పల్లెలోనూ ముసలమ్మలు "అది నా హక్కు" అంటారు, "నీ బాకీ తీర్చేశాను" అంటారు. అది అరబీ మాట అని వాళ్లకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఆ మాట ఎప్పుడో వాళ్లదైపోయింది.

ఇంకో రెండు మాటలు చూడండి. జుల్మ్ అనే మాట మన తెలుగులో "జులుం" అయింది. బలవంతుడు బలహీనుడి మీద పడితే "జులుం చేస్తున్నాడు" అంటాం. దానికి ఎదురు మాట ఇన్సాఫ్. ఇది కోస్తా తెలుగులో విడి మాటగా పెద్దగా నిలబడలేదు. "మునసబు" రూపంలో మాత్రం వచ్చింది. మున్సిఫ్ అంటే ఇన్సాఫ్ చేసేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఊళ్లో చిన్న చిన్న దావాలు విని తీర్పు చెప్పే అధికారం గ్రామ మునసబుకు ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి.

అంటే, జులుం అందరి నోళ్లలోకి వచ్చింది, ఇన్సాఫ్ ఒక ఉద్యోగం పేరై కూర్చుంది. మన ఆలోచన కూడా అలాగే తయారైంది. న్యాయం చేయడం జడ్జి పని, కలెక్టర్ పని, పోలీసు పని అనుకుంటాం. మన కొట్లో, మన ఇంట్లో, మన చేతిలోని కొలతలో అది రోజూ జరుగుతుందో లేదో చూసుకోం. ఆ నిర్లక్ష్యం ఎంత దూరం తీసుకెళుతుందో ఉత్తరాంధ్ర చరిత్రలో కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ సంగతే ఈ వ్యాసం.

చికాకోల్ సర్కార్

శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని రాసేవారు. స్థానికులు ఇప్పటికీ సిక్కోలు అంటారు. ఇక్కడ శిస్తు డబ్బు మూటలు విప్పేవారు కాబట్టి "సిక్కా ఖోల్" అన్న మాట నుంచి ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది. కథ నిజమో కాదో పక్కన పెడదాం. ఊరి పేరు వినగానే డబ్బు మూటలు గుర్తొచ్చాయంటే సర్కారు ఆ జనానికి ఏ రూపంలో కనిపించిందో అర్థమవుతుంది.

గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున ఫౌజ్‌దార్‌గా వచ్చిన షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మస్జిద్ శ్రీకాకుళంలో నేటికీ ఉంది. కుతుబ్‌షాహీల తర్వాత మొగలులు, ఆ తర్వాత నిజాం. 1753లో ఫ్రెంచివాళ్ల చేతికి, 1760ల్లో ఇంగ్లీషు కంపెనీ చేతికి ఈ సర్కారు పోయింది. 1802లో పర్మనెంట్ సెటిల్‌మెంటుతో జమీందారీలు స్థిరపడ్డాయి.

ఈ చరిత్రలో మనవాళ్లకు బాగా తెలిసింది బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు, విజయరామరాజు హత్య. సినిమాలు వచ్చాయి, బుర్రకథలు వచ్చాయి. అదే నేల మీద రెండు వందల ఏళ్లు పైగా వారంవారం సంతల్లో ఇంకో యుద్ధం జరిగింది. అందులో ఫిరంగి లేదు, కత్తి లేదు. కుంచం ఉంది, తక్కెడ ఉంది, ఖాతా పుస్తకం ఉంది. బొబ్బిలి ఒక్క రోజులో ముగిసింది. ఇది తరాలు నడిచింది.

ఒక సూరా పేరే కొలత మోసగాళ్ల మీద

ముందుగా మన దీన్ ఈ విషయాన్ని ఎంత తీవ్రంగా తీసుకుందో గుర్తు చేసుకుందాం. ఖుర్ఆన్‌లో 83వ సూరా పేరు అల్ ముతఫ్ఫిఫీన్. కొలతల్లో, తూకాల్లో కొద్దికొద్దిగా తగ్గించేవాళ్లని దాని అర్థం. దోపిడీ దొంగల పేరు మీద సూరా లేదు. గిద్దెడు తగ్గించేవాడి పేరు మీద ఉంది. తాను తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవాడికి అందులో హెచ్చరిక ఉంది.

హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) కిస్సా కూడా అదే. మద్‌యన్ జనానికి ఆయన తౌహీద్‌తో పాటు చెప్పిన ముఖ్యమైన మాట తరాజు గురించి. తూకం సరిచేసుకోమంటే ఆ ఖౌమ్ వినలేదు, నాశనమైంది.

రసూలుల్లాహ్ (స) మదీనా బజారులో ఒక ధాన్యం కుప్ప దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టి చూశారు. లోపలి గింజలు తడిగా తగిలాయి. వాన పడిందని అమ్మేవాడు జవాబు చెప్పాడు. అలాగైతే తడిసినవి పైన పెట్టి, కొనేవాళ్లకు కనబడనివ్వాలి కదా అని ఆయన మందలించారు, మోసం చేసేవాడు మనవాడు కాడని చెప్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు ఇది. గమనించండి, అప్పుడు ఆయన దర్బారులో కూర్చుని తీర్పు చెప్పడం లేదు. బజారులో నడుస్తూ కుప్పలో చేయి పెట్టారు. హజ్రత్ ఉమర్ (ర) మదీనా బజారు చూసుకునే పని షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ అనే చదువుకున్న స్త్రీకి ఇచ్చారని ఒక రివాయత్ ఉంది. తర్వాతి కాలంలో ముహ్తసిబ్ అనే ఉద్యోగి పుట్టింది ఈ పని నుంచే. బజారులో కొలతలు, తూకాలు తనిఖీ చేయడం అతని డ్యూటీల్లో ఒకటి.

మన దేశంలో మొగలుల కాలంలోనూ ముహ్తసిబ్‌లు ఉన్నారు. కానీ వాళ్ల చూపు పెద్ద పట్నాల బజార్లు దాటేది కాదు. చికాకోల్ సర్కారులో కొండ వెనక జరిగే సంతకు ఏ ముహ్తసిబూ వెళ్లలేదు. కొండలకు సర్కారు చేరింది శిస్తు కోసం. ఇన్సాఫ్ కోసం చేరలేదు. ఈ లోపం ఇంగ్లీషువాళ్లతో మొదలైంది కాదు, మన నవాబుల కాలం నుంచీ ఉంది. ఇన్సాఫ్ గురించి మాట్లాడేటప్పుడు ముందు ఇది ఒప్పుకోవాలి.

సంతలో ఏం జరిగేది

పార్వతీపురం, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల్లో ఉండేది ఎక్కువగా సవరలు, జాతాపులు. పోడు కొట్టి చోళ్లు, సామలు, కందులు పండిస్తారు. అడవి నుంచి చింతపండు, కుంకుడుకాయ, తేనె, అడ్డాకులు, కొండచీపుళ్లు తెస్తారు. వాళ్లకు మైదానం నుంచి కావలసినవి కొన్నే. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ, పొగాకు, ఎండుచేప. ఇచ్చిపుచ్చుకోవడానికి వారానికోసారి సంత.

అప్పటి కొలతలు ఈ తరానికి తెలియవు కాబట్టి చెబుతాను. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. అంటే కుంచానికి 16 సోలలు. ఇది కాగితం లెక్క. వాడుకలో ఊరికో కుంచం, షావుకారికో కుంచం. కుంచం ఎంత ఉండాలో షావుకారే నిర్ణయించుకునేవాడు. కొనడానికి ఒక కుంచం, అమ్మడానికి ఇంకో కుంచం పెట్టుకోవడం ఏజెన్సీ సంతల్లో జగమెరిగిన సంగతి. కొనేటప్పుడు గోపురంలా పోయించుకోవడం, అమ్మేటప్పుడు అంచుకు చదును చేసి ఇవ్వడం దానికి తోడు.

ఇందులో ఎంత పోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది కేవలం ఉదాహరణ. ఒక సవర రైతు సరైన కొలతకు 10 కుంచాల గింజలు, అంటే 160 సోలలు తెచ్చాడనుకోండి. షావుకారు కొనే కుంచంలో 20 సోలలు పడతాయి. అప్పుడు ఆ గింజలు 8 కుంచాలే అవుతాయి. కుంచం గింజలకు కుంచం ఉప్పు అని బేరం. ఉప్పు కొలిచే కుంచంలో పట్టేది 14 సోలలు. 8 కుంచాలకు 112 సోలలు. రైతు 160 ఇచ్చి 112 తీసుకుని ఇంటికి పోయాడు. 48 సోలలు, అంటే నూటికి 30 వంతులు, గాలిలో కలిసిపోయాయి. బేరం దగ్గర ఎవరూ అబద్ధం ఆడలేదు. ధర కూడా న్యాయంగానే కనబడుతోంది. ఎవడూ ఎవడి మీదా చేయి చేసుకోలేదు. అయినా ఆ ఇంట్లో వానాకాలానికి గింజలు చాలవు.

గింజలు చాలకపోతే మళ్లీ అదే షావుకారు దగ్గరికి పోవాలి. అక్కడ మొదలవుతుంది నాము. నాము అంటే గింజల రూపంలో అప్పు. పంట రాగానే ఒకటికి ఒకటిన్నర తిరిగి కొలవాలి, కొన్ని చోట్ల ఒకటికి రెండు. కొలిచేది మళ్లీ ఆ పెద్ద కుంచంతోనే. తీరని బాకీ ఖాతాలోకి ఎక్కుతుంది, ఖాతా ముదిరితే భూమి పోతుంది. భూమి లేనివాడు తానే పాలేరుగా చేరతాడు, తర్వాత కొడుకు చేరతాడు. 1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ రద్దు చట్టంలో దేశంలోని రకరకాల కట్టుబానిస పద్ధతుల పేర్ల జాబితా ఉంది. అందులో "పాలేరు", "వెట్టి" అన్న మన మాటలు కూడా ఉన్నాయి. మన ఊళ్లో మామూలుగా వినే మాటలు దేశం రద్దు చేసిన జులుముల పేర్లలో కనబడతాయి.

గిద్దె తగ్గింపుతో మొదలైంది మనిషి దగ్గర ఆగింది. ముతఫ్ఫిఫీన్ మీద ఒక సూరా ఎందుకు వచ్చిందో ఈ వరస చూస్తే అర్థమవుతుంది.

ఖాతా ఎవరు రాయాలి?

ఇక్కడ ఇంకో సంగతి. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ ఏది? రెండో సూరా అల్ బఖరాలో 282వది. దాని విషయం నమాజ్ కాదు, రోజా కాదు. అప్పు పత్రం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితం మీద రాసుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులు ఉండాలి అని అందులో హుకుం. దానిలో ఒక బారీకు ఉంది. ఏం రాయాలో చెప్పాల్సింది అప్పు తీసుకున్నవాడు. అతనికి చెప్పే శక్తి లేకపోతే అతని తరఫున వలీ చెప్పాలి. అప్పు ఇచ్చినవాడు చెప్పి రాయించుకోవడం కాదు.

ఏజెన్సీలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. రాసేది షావుకారు గుమాస్తా, చెప్పేది షావుకారు. చదువు రాని సవర చేసేది వేలిముద్ర వేయడం. ఏం రాశారో అతనికి చదివి వినిపించేవాడు లేడు. పత్రం ఉంది, సాక్షులూ ఉన్నారు. ఇన్సాఫ్ లేదు.

ఇంగ్లీషు సర్కారుకు ఇది తెలియక కాదు. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలకు మామూలు కోర్టులు పనికిరావని 1839లోనే ఒక చట్టం చేసి, కొండ ప్రాంతాలను కలెక్టర్ చేతిలో పెట్టారు. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు జరిగింది. కల్లు మీద పన్ను, మున్సబుదారు జులుం దానికి పెద్ద కారణాలు. మైదానపు వర్తకులు చదువురాని కొండవాళ్లతో పత్రాలు రాయించుకుని, వాళ్లు హాజరు కాని కోర్టుల్లో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చి, పశువులను జప్తు చేయించడం ఇంకో కారణం. విచారణ చేసిన అధికారులే ఈ సంగతి రాసిపెట్టారు. కోర్టు ఉంది, డిక్రీ ఉంది, అమీను ఉన్నాడు. అన్నీ కలిసి ఒక పేదవాడి ఎద్దును తోలుకుపోయాయి. కోర్టు ఉన్నంత మాత్రాన అద్ల్ ఉన్నట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా దలీల్ అక్కరలేదు.

1917లో ఇంకో చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడు ఏజెంటు అనుమతి లేకుండా కొనకూడదు. గిరిజనుడి అప్పు మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ చెల్లదు. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. కాగితం మీద చాలా మంచి చట్టం. కానీ దాన్ని అమలు చేయించుకోవాలంటే గిరిజనుడు కొండ దిగి కచేరీకి రావాలి. దారి ఖర్చుకు అప్పు పుట్టేది ఆ షావుకారు దగ్గరే.

విజయనగరంలో సాక్ష్యం ధర

అదే కాలంలో మైదానపు కచేరీలు ఎలా ఉండేవో చూడాలంటే గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం చాలు. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే తిరగరాశారు. అది బాల్యవివాహాల మీద నాటకం అని మనం బడిలో చదువుకున్నాం. నిజమే. కానీ అందులో సగం కథ దావాలు, దొంగ సాక్ష్యాలు, కచేరీ ఖర్చులే. రామప్పంతులు బతికేదే దాని మీద. సాక్ష్యం కూడా సంతలో సరుకులాగే ధర పెట్టి కొనే వస్తువు.

ఆ పుస్తకం ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పెళ్లిళ్ల వివరాలు సేకరింపజేశారు. మూడేళ్లలో నమోదైనవి 1,034. అందులో 99 మంది పిల్లల వయసు ఐదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. తండ్రి తన సొంత ఇంట్లో, తన సొంత కూతురిని తక్కెడలో పెట్టాడు.

మన షరీఅత్‌లో మహర్ పెళ్లికూతురి హక్కు. తండ్రిది కాదు, అన్నది కాదు. ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం. అదే నోటితో జోడే కీ రఖం ఎంత, జహేజ్ ఏమిస్తారు అని అడుగుతాం. గురజాడ కాలంలో పిల్లకు ధర కట్టారు, మన కాలంలో పిల్లాడికి కడుతున్నాం. తూకం మారలేదు, పళ్లెం మారింది.

ఖుర్ఆన్‌లో సాక్ష్యం గురించిన హుకుం కూడా గట్టిదే. అన్నిసా సూరా 135వ ఆయత్ ప్రకారం మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగా పోయినా నిజమే చెప్పాలి. సాక్ష్యం కోర్టు బోనులో మాత్రమే చెప్పేది కాదు. సంతలో పక్క కొట్టువాడు దొంగ కుంచంతో కొలుస్తుంటే చూసి ఊరుకున్న ప్రతివాడూ సాక్షే. అతను సాక్ష్యం చెప్పలేదు, అంతే.

ఒక బడిపంతులు, ఒక సంఘం

1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. పార్వతీపురం ఏజెన్సీ అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. 1950ల చివర ఆ కొండల్లో వెంపటాపు సత్యనారాయణ అనే బడిపంతులు పనిచేసేవారు. సవరలు ఆయన్ను గప్పగురువు, అంటే పెద్ద గురువు అని పిలుచుకున్నారు. ఆదిభట్ల కైలాసం ఇంకో పంతులు. వీళ్లు, మరికొందరు కమ్యూనిస్టు కార్యకర్తలు కలిసి గిరిజన సంఘం కట్టారు.

ఆ సంఘం మొదట్లో అడిగినవి ఏమిటో చూడండి. సంతలో సరైన కొలత. పాలేర్లకు జీతం పెంపు. వెట్టి రద్దు. దొంగ ఖాతాల బాకీల రద్దు. తాకట్టులో పోయిన భూమి వాపసు. ఇందులో ఒక్కటైనా గొంతెమ్మ కోరిక ఉందా? సగం అప్పటికే చట్టంలో ఉన్నవి. మిగతా సగం ఏ మజ్హబ్ అయినా, ఏ ధర్మమైనా ఒప్పుకునేవి. పదేళ్లు బడి, సభ, ఊరేగింపు, సమ్మెల దారిలోనే సంఘం నడిచింది, కొంత సాధించింది కూడా.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి నడిచి వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. కేసు నడిచింది. నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

తర్వాత జరిగింది చాలా పుస్తకాల్లో ఉంది. 1968 చివరి నుంచి సాయుధ పోరాటం, హత్యలు, పోలీసు క్యాంపులు, ఎన్‌కౌంటర్లు, పార్వతీపురం కుట్ర కేసు. 1970 జూలై 10న సత్యం, కైలాసం ఇద్దరూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మొత్తం మీద వందల మంది పోయారు. అందులో ఎక్కువమంది పేరు కూడా మనకు తెలియని గిరిజనులు.

ఆ తుపాకీ దారి సరైనదా కాదా అని వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఖూన్‌కు ఖూన్ జవాబు అనే దారిని నేను సమర్థించను. కానీ తుపాకీ గురించి మాట్లాడేవాళ్లు అంతకుముందు వందేళ్ల కుంచం గురించి కూడా మాట్లాడాలి. కుంచం సరిగ్గా ఉంటే నాము అవసరం తగ్గేది. నాము తగ్గితే భూమి నిలిచేది. భూమి నిలిస్తే కొడుకు పాలేరు అయ్యేవాడు కాదు. ఈ గొలుసులో ఏ ఒక్క కడియం దగ్గర ఏ ఒక్కడు "ఇది హరామ్, నేను చేయను" అన్నా ఎక్కడో ఆగేది. కోర్టు దాకా వచ్చేసరికి ఆలస్యమైంది. కోర్టు కూడా ఆ గిరిజనుల చేతికి ఏమీ ఇవ్వకపోయేసరికి ఇన్సాఫ్ మీదే నమ్మకం చచ్చిపోయింది.

సర్కారు చేసింది, చేయలేనిది

సర్కారు ఏమీ చేయలేదనడం బేఇన్సాఫీ అవుతుంది. 1956లోనే గిరిజన సహకార సంస్థ పెట్టారు, విశాఖపట్నం కేంద్రంగా. చింతపండు, తేనె, కుంకుడు, బంక, అడ్డాకులు గిరిజనుల దగ్గర నేరుగా కొనడం, వాళ్లకు కావలసిన సరుకులు డిపోల్లో అమ్మడం దాని పని. షావుకారు పెట్టిన రెండు కుంచాల పద్ధతికి జవాబు అది.

అదే 1956లో దేశమంతా ఒకే తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 నుంచి దశలవారీగా మెట్రిక్ పద్ధతి మొదలై, 1962 ఏప్రిల్ నుంచి తూకాలకు కిలో తప్పనిసరి అయింది. కుంచం, మానిక, వీశె, మణుగు చట్టం ముందు చెల్లకుండా పోయాయి. మన పెద్దవాళ్లు ఆ రోజుల్లో కిలోలు అర్థం కాక విసుక్కున్నారని వింటుంటాం. కానీ పేదవాడి వైపు నుంచి చూస్తే కిలో ఒక రహ్మత్. షావుకారు కిలో, గిరిజనుడి కిలో అని రెండు ఉండవు. ముద్ర వేసిన రాయి అందరికీ ఒకటే.

భూమి విషయంలో 1959లో ఒక రెగ్యులేషన్, దానికి సవరణగా 1970లో వచ్చిన 1/70. దాంతో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ పూర్తిగా నిషేధం. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సిన బరువు భూమి ఉన్నవాడిదే. చూశారా, మొదటిసారి బరువు సరైన పళ్లెంలో పెట్టారు. అప్పుడు శ్రీకాకుళం కొండల్లో కాల్పులు వినబడుతున్నాయి. ముప్ఫై ఏళ్ల ముందే ఆ బరువు అలా పెట్టి ఉంటే ఎంతమంది బతికేవారో అల్లాహ్‌కే తెలుసు.

కానీ చట్టం ముద్ర వేసిన రాయి ఇవ్వగలదు. తూచే చేతిలో తక్వా పెట్టలేదు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చినా దాన్ని దించే ఉపాయం కూడా వెంటనే వచ్చింది.

మన తరాజు

సిక్కోలు వాళ్లు ఇప్పుడు కొండల్లోనే లేరు. హైదరాబాద్‌లో, విశాఖలో, చెన్నైలో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో శ్రీకాకుళం, విజయనగరం వలస కూలీలు కనబడతారు. మన ఇల్లు కట్టే మేస్త్రీ అక్కడివాడే కావచ్చు, ఇటుకలు మోసే అమ్మ అక్కడిదే కావచ్చు. శనివారం కూలి డబ్బులు "సోమవారం చూద్దాం" అన్నప్పుడు మన చేతిలో కూడా ఒక దొంగ కుంచం ఉన్నట్టే. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు మనకు కంఠతా వచ్చు. చెమట ఆరి, బట్టలు ఉతికి, మళ్లీ చెమట పట్టిన తర్వాత కూడా ఇవ్వని మేస్త్రీలు, ఓనర్లు మనలో ఉన్నారు.

మజ్హబ్ ఏదైనా షావుకారు షావుకారే. కాబట్టి దోస్తులారా, ఈ చరిత్ర చదివి "అప్పటి షావుకార్లు ఎంత దుర్మార్గులో" అని తీర్పు చెప్పేసి లేచిపోతే లాభం లేదు. అప్పటి షావుకారు కూడా గుడికి వెళ్లినవాడే, ధర్మం చేసినవాడే, తన ఇంట్లో మంచివాడే. కుంచం దగ్గర మాత్రం "అందరూ చేస్తున్నదే కదా" అనుకున్నాడు. మనం ఆ మాట ఎక్కడెక్కడ అనుకుంటున్నామో చూసుకోవాలి.

కొట్టు ఉన్నవాళ్లు కాటా ఎప్పుడు ముద్ర వేయించారో చూసుకోండి. మటన్ తూచేటప్పుడు కవరూ నీళ్లూ కలిపి తూస్తున్నారేమో చూసుకోండి. అప్పు ఇచ్చినవాళ్లు పత్రంలో ఏముందో తీసుకున్నవాడికి అతని భాషలో చదివి వినిపించండి. అన్నదమ్ములు అబ్బాజాన్ పోయిన తర్వాత ఆపాకు, చెల్లికి విరాసత్‌లో రావలసిన వాటా లెక్క కట్టారా, లేక "పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అని మాఫీ రాయించుకున్నారా? ఆ మాఫీ కాగితం మీద వేలిముద్ర కూడా 1917 నాటి సవర వేలిముద్ర లాంటిదే. ఇద్దరు కోడళ్లు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో పెద్దవాళ్లకు కూడా రెండు కుంచాలు ఉంటాయి. బయటివాళ్లకు కనబడవు, ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఇవన్నీ చిన్న విషయాలే. చిన్నవి కాబట్టే ఏ మునసబు దగ్గరికీ వెళ్లవు. ఏ కోర్టూ వినదు. మన చేతిలోనే ఉంటాయి. సిక్కోలు సంతలో కూడా అప్పుడు అవి చిన్న విషయాలే, కుంచానికి రెండు సోలల తేడా.

ఆఖిరత్‌లో మనకోసం మీజాన్ నిలబెడతారని మన ఈమాన్. మీజాన్ అంటే తరాజే. అక్కడ కొనే కుంచం, అమ్మే కుంచం అని రెండు ఉండవు. ఆ రోజు హిసాబ్ సులువుగా సాగాలంటే ఈ రోజు కొట్టు తెరిచేటప్పుడు కాటా ఒకసారి సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవడం మంచిది. అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ఇవ్వుగాక.